కాన్‌బెర్రా నుంచి అభి

సోమవారం నుంచి కేశవ్ గొంతు దేశమంతా వినిపిస్తోంది. మధ్యాహ్నం టాక్ షో నడిపే పెద్దాయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకోవడంతో, ఆ వారంపాటు ఆ కుర్చీలో అడిలైడ్ కుర్రాణ్ణి కూర్చోబెట్టి చూద్దామనుకున్నారు స్టేషన్ పెద్దలు. కుర్రాడంటే నలభై దాటినవాడే. జనానికి నచ్చితే ఆ కుర్చీ అతనికే దక్కవచ్చు. ఆ కబురు తెచ్చిన రోజు అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లోని వాళ్ళింట్లో సేమ్యా పాయసం కాచి, అందరికీ గిన్నెల్లో పోసి ఇచ్చింది అతని మరదలు గీతిక.

గీతిక ఆ ఇంటికి వచ్చి ఆరు వారాలైంది. కాన్‌బెర్రాలో, హారిసన్‌లో ఉన్న సొంత ఇంటి నుంచి, భర్త అభినవ్ ఆఫీసుకి వెళ్ళాక ఒక బ్యాగు భుజాన వేసుకుని బయటపడింది. రాత్రంతా బస్సులో కూర్చుని, మర్నాడు అక్క నీరజ గుమ్మంలో నిలబడింది. 'క్షేమంగా ఉన్నాను, నన్ను వెతకొద్దు' అని భర్తకి ఒక్క మెసేజ్ పెట్టి సిమ్‌కార్డు తీసి పారేసింది. గుంటూరులో ఉన్న తల్లి కళావతికి కూడా తను ఎక్కడుందో చెప్పలేదు. రెండో రోజు అభినవ్ ఫోన్ చేసి, "బ్రదర్, గీతిక మీ దగ్గరికి వచ్చిందా?" అని అడిగితే, "లేదే" అని తడుముకోకుండా అబద్ధం ఆడింది కేశవే. ఆ ఒక్క అబద్ధానికి నీరజ తన మొగుడికి మనసులో ఎన్నోసార్లు దణ్ణం పెట్టుకుంది.

బుధవారం మధ్యాహ్నం వరకూ పరిస్థితి అదీ.

నీరజ ఫార్మసిస్టు. షాపు యజమానురాలు గ్లెనిస్‌కి రేడియో లేకపోతే పొద్దు గడవదు. కౌంటరు వెనక, దగ్గుమందు సీసాల అలమర మీద ఎప్పుడూ అది మోగుతూ ఉండాల్సిందే. ఈ వారం షాపుకి వచ్చిన ప్రతివాళ్ళూ నీరజని పలకరించారు. "హోమ్ మినిస్టర్ ఎలా ఉన్నారు?" అని నవ్వారు. కేశవ్ తన షోలో భార్యని అలాగే అంటాడు. హోమ్ మినిస్టర్ చెత్త బిన్‌లు బయట పెట్టమందనీ, హోమ్ మినిస్టర్ బార్బెక్యూలో కూడా పచ్చిమిరపకాయ వేస్తుందనీ రోజుకో కథ చెబుతాడు. ఆ కథల్లో సగం కల్పన. అయినా జనం వాటిని నమ్మారు, ఇష్టపడ్డారు.

అతను రేడియోలోకి వచ్చింది కూడా అలాగే. బ్యాంకులో ఐటీ ఉద్యోగం చేసే రోజుల్లో ఒక సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కారులోంచే ఆ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. స్కూలు పిల్లలకి హోంవర్కు వద్దన్న ఎవరో నిపుణుడి మీద పది నిమిషాలు దులిపేశాడు. "ఈ కేష్ ఎవరు, మళ్ళీ పిలవండి" అని వినేవాళ్ళు అడిగారు. అలా కాలర్ నుంచి ఆదివారం షోకీ, అక్కణ్ణుంచి ఇక్కడికీ వచ్చాడు. పన్నులు తక్కువుండాలనీ, ప్రభుత్వం ఇళ్ళల్లో వేలు పెట్టకూడదనీ, పెద్దల్ని పిల్లలు గౌరవించాలనీ, ఈ దేశానికి వచ్చినవాళ్ళు కష్టపడి పైకి రావాలి తప్ప ఫిర్యాదులు చేస్తూ కూర్చోకూడదనీ అతని వాదన. నీరజకి వాటిలో కొన్ని నచ్చుతాయి, కొన్ని నచ్చవు. ఏవి మాట్లాడినా అతను మనస్ఫూర్తిగా మాట్లాడతాడని మాత్రం ఆమెకి తెలుసు.

ఆరోజు షోలో విషయం పెళ్ళిళ్ళు. కాపురాలు నిలబడితే ప్రభుత్వానికి సంక్షేమ ఖర్చు తగ్గుతుందని ఎవరో సెనేటర్ అన్న మాట మీద పొద్దున్నుంచీ రభస జరుగుతోంది. పోర్ట్ పిరీ నుంచి రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన ఫోన్ చేసి, పెళ్ళై యాభై ఏళ్ళు దాటిందనీ, ఇప్పటికీ పొద్దున్నే టీ తనే పెడతాననీ చెప్పాడు. తర్వాత ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న ఒకావిడ ఫోన్ చేసి, "నీకేం తెలుసు కేష్, కొన్ని ఇళ్ళల్లోంచి బయటపడితేనే బతుకు" అని గట్టిగా దెబ్బలాడింది. కేశవ్ ఆమెకి అడ్డు తగల్లేదు. చెప్పేదంతా చెప్పనిచ్చి, "మీరు ధైర్యవంతులమ్మా" అన్నాడు. నీరజ ఒక ముసలాయన బీపీ మాత్రలకి లేబుల్ అంటిస్తూ చిన్నగా నవ్వుకుంది.

ప్రకటనలు అయ్యాయి. కేశవ్ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి మెల్లగా, దగ్గరగా ఉంది.

"ఇది చెప్పొచ్చో లేదో నాకు తెలీదు. కానీ మీ దగ్గర నాకు దాపరికం లేదు. ఈ సమస్య ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది."

నీరజ చేతిలో లేబుల్ అలాగే ఆగిపోయింది.

"మాకు బాగా కావలసిన ఒక అమ్మాయి. ఒకరోజు పొద్దున్నే, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి, ఒక్క బ్యాగుతో మా గుమ్మంలోకి వచ్చింది. మొగుణ్ణి వదిలేసి వచ్చింది. ఆ కుర్రాడు తాగుతాడా? తాగడు. కొడతాడా? ఒక్క దెబ్బ వేసి ఎరగడు. మంచి ఉద్యోగం. మరి ఏం చేశాడయ్యా అంటే, ఇంటి ఖర్చులు తనే చూసుకుంటాడట. ఎక్కడున్నావని ఫోన్లో చూసుకుంటాడట. ఇంట్లో కెమెరా పెట్టాడట. మా నాన్న కూడా అమ్మ పక్కింటికి వెళ్తే వీధి చివరిదాకా వచ్చి నిలబడేవాడు. అప్పుడు దాన్ని శ్రద్ధ అనేవాళ్ళం. ఇప్పుడు దానికి చట్టంలో వేరే పేరు పెట్టారు. నేను అతన్ని వెనకేసుకు రావట్లేదు. తప్పు చేసే ఉంటాడు. కానీ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోకుండానే కాపురం ముగించేస్తారా? ఆ పిల్ల మా వెనక వరండాలో మాగ్‌పై పిట్టలకి గింజలు వేస్తూ కూర్చుంటుంది. ఆ మొహం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది."

మందుల కోసం నిలబడ్డ ముసలాయన, "నా మాత్రలు అమ్మా" అన్నాడు. నీరజకి వినబడలేదు.

గ్లెనిస్ వచ్చి ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. "నీ చెల్లెలే కదా డియర్? పోయిన వారం కంటి చుక్కలకి వచ్చిందే, ఆ అమ్మాయి?"

పేరు చెప్పకపోయినా గ్లెనిస్‌కి అర్థమైపోయింది. వినగానే అర్థమైపోయింది. నీరజ ఫోన్ తీసి కేశవ్‌కి చేసింది. ఎత్తలేదు. స్టేషన్‌కి చేసింది. లైన్లన్నీ బిజీ. అతని ప్రొడ్యూసర్ ట్రిష్ నంబరుకి చేస్తే వాయిస్‌మెయిల్‌కి వెళ్ళింది. అలమర మీద రేడియో మోగుతూనే ఉంది.

"అబ్బో, ఫోన్ల బోర్డంతా లైట్లే. ఎవరిని తీసుకోను... కాన్‌బెర్రా నుంచి అభి. చెప్పండి అభి."

"హలో కేష్." గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది. "ఫస్ట్ టైమ్ కాలర్ని. క్షమించండి, మాట రావట్లేదు. మీరు ఇప్పుడు చెప్పిన అమ్మాయి... బస్సు, ఒక్క బ్యాగు... ఆమె నా భార్య అనుకుంటాను."

గ్లెనిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రేడియోలో చడీ చప్పుడూ లేదు. కేశవ్ కార్యక్రమంలో అంత నిశ్శబ్దం నీరజ ఎప్పుడూ వినలేదు. కట్ చేసేయండి, దేవుడా, ఫోన్ పెట్టేయండి అని ఆమె పెదవులు కదిలాయి.

"మేట్..." అన్నాడు కేశవ్ చివరికి. "ఇది ఊహించలేదు. ఎలా ఉన్నారు మీరు?"

"ఆరు వారాలు. బతికుందో లేదో తెలీదు. పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి భయపడ్డాను, ఏం వినాల్సి వస్తుందోనని." అభినవ్ ఏడుస్తున్నాడు. "ఆమెని చూసుకుంటున్నందుకు థాంక్యూ. అన్నం పెడుతున్నందుకు థాంక్యూ."

"ఆమె ఇప్పుడు వింటుంటే ఏం చెబుతారు?"

"మా భాషలో చెప్పనా? రెండే మాటలు."

"చెప్పండి. అందరం వింటున్నాం."

అభినవ్ తెలుగులో అన్నాడు. ఆ గొంతులో ఏడుపు ఎటు పోయిందో పోయింది.

"గీతూ, బయల్దేరాను. సరస్సు దగ్గర కూర్చున్నట్టు కూర్చుని, తీరిగ్గా మాట్లాడుకుందాం."

కేశవ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి అందరికీ చెప్పాడు. "నీకోసం బయల్దేరాను, పూర్వంలా సరస్సు ఒడ్డున కూర్చుని మాట్లాడుకుందాం అంటున్నాడు" అన్నాడు. గ్లెనిస్ కళ్ళు తుడుచుకుంది. కౌంటరు దగ్గరున్న ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నీరజ కోటు విప్పి కుర్చీ మీద పడేసి, కారు తాళాలు తీసుకుని పరిగెత్తింది. ఆ సరస్సు ఏమిటో ఆమెకి తెలుసు. చెల్లెలు ఆ ఒక్క సంగతీ ఆమెకొక్కదానికే చెప్పింది, ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది.

*

ఇంట్లో రేడియో ఆపేసి ఉంది. గీతిక వంటింటి బల్ల దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్ళు ఈనె తీస్తోంది. ఈనె తీసినవీ తియ్యనివీ ఒకే గిన్నెలో పడుతున్నాయి.

"విన్నావా?" అంది నీరజ రొప్పుతూ.

"నిన్న రాత్రి బావగారు చెప్పారక్కా. రేపు షో విను, నీకు మంచి జరుగుతుంది అన్నారు. నా కోసం పాట ఏదైనా వేయిస్తారేమో అనుకున్నాను."

నీరజ ఆమె పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. "లే. బ్యాగు సర్దుకో. ఊరి అవతల ఉండే లీలావతి ఆంటీ వాళ్ళింట్లో దింపుతాను. ఆవిడ ఎవరితోనూ అనదు. పోలీసులకి కూడా ఫోన్ చేస్తాను."

"ఏమని చెప్తావు? మా చెల్లెలి మొగుడు రేడియోలో ప్రేమగా మాట్లాడాడనా?" గీతిక నవ్వబోయింది, నవ్వు రాలేదు. "దేశమంతా ఏడుస్తోందక్కా అతని కోసం. ఇప్పుడు నేను ఏం చెప్పినా నేనే చెడ్డదాన్ని."

"ఎవరేమనుకుంటే నీకెందుకే?"

"నాకేం కాదు. కానీ ఎన్ని ఇళ్ళు మారను? ఇవాళ లీలావతి ఆంటీ. రేపు?"

మేడ మీద గదిలోంచి సంగీతం చప్పుడు వస్తోంది. కూతురు స్నేహ స్కూలు నుంచి వచ్చేసినట్టుంది. పదమూడేళ్ళ ఆ పిల్లకి పిన్ని సెలవులకి వచ్చిందనే చెప్పారు. ఇక ఆ మాట కూడా చెల్లదు. రేపు స్కూల్లో పిల్లలే చెప్పేస్తారు.

గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది.

కేశవ్ బూట్లు విప్పుతూనే మాట్లాడటం మొదలెట్టాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నారా? ఇద్దరూ విన్నారా? ఫోన్లు ఆగట్లేదు నీరజా. సిడ్నీ నుంచి నెట్‌వర్క్ హెడ్ డైరెక్టుగా నాకే చేశాడు. ఇంత రెస్పాన్స్ చాలా ఏళ్ళుగా చూళ్ళేదన్నాడు. ఒక ట్రక్ డ్రైవర్ అయితే బండి ఆపేసి ఏడ్చాడంట." అప్పుడు వాళ్ళ మొహాలు చూసి ఆగాడు. "ఏమైంది?"

"దాని సంగతి మీరు రేడియోలో ఎందుకు చెప్పారు?" అంది నీరజ.

"పేరు చెప్పానా? ఊరు చెప్పానా?"

"గ్లెనిస్ ఒక్క నిమిషంలో కనిపెట్టింది. రేపటికి ఈ సబర్బ్ అంతా కనిపెడుతుంది. అది ఎంత నమ్మి మీకు చెప్పుకుందండీ! అతను బ్యాంకు కార్డు లాగేసుకున్న సంగతి, ఆ కెమెరా సంగతి ఈ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చుకుంటూ చెప్పింది. మీరు దాన్ని తీసుకెళ్ళి షోలో వడ్డించారు."

"షో కోసం చేశాననుకుంటున్నావా?" కేశవ్ మొహం ఎర్రబడింది. "ఆరు వారాలుగా చూస్తున్నా. ఈ పిల్ల తిండి తినదు, నిద్రపోదు, తలుపు కొడితే ఉలిక్కిపడుతుంది. ఇలా ఎన్నాళ్ళు? రోజూ మైకు ముందు కూర్చుని ఫ్యామిలీ, ఫ్యామిలీ అని అరుస్తాను నేను. నా ఇంట్లోనే ఒక కాపురం కూలిపోతుంటే నోరు మూసుకుని కూర్చుంటే నా మాటకి విలువేంటి? మీ అమ్మా నాన్నా గొడవపడలేదా? మా వాళ్ళు పడలేదా? మాట్లాడుకున్నారు, సర్దుకున్నారు. అతను మారడానికి రెడీగా ఉన్నాడు. విన్నావుగా, ఎలా ఏడ్చాడో!"

"బావగారూ," అంది గీతిక.

ఆమె గొంతు పెద్దది కాదు. అయినా ఇద్దరూ ఆగిపోయారు.

"సరస్సు దగ్గర కూర్చున్నట్టు అన్నాడు కదా. అది విని మీరు ఏమనుకున్నారు?"

"ఏముంది? మీరిద్దరూ పిక్నిక్‌కి వెళ్ళిన చోటేదో అనుకున్నా. కొత్తలో."

"సిడ్నీ వెళ్ళే హైవే పక్కన లేక్ జార్జ్ అని ఉంటుంది. చాలా ఏళ్ళు దాన్లో నీళ్ళుండవు. గడ్డి, గొర్రెలు, అంతే. నేను ఆయనకి నచ్చని మాటేదైనా అంటే కారు ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళేవాడు. రోడ్డు దిగి పక్కకి ఆపి, ఇంజిన్ ఆపి, తలుపులు లాక్ చేసేవాడు. తిట్టడు, కొట్టడు. అసలు నోరే విప్పడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చుంటాడు. నేను సారీ చెప్పాలి. ఏ తప్పుకి చెప్పాలో నేనే కనుక్కోవాలి. తప్పు సారీ చెబితే మళ్ళీ మౌనం. నీళ్ళు కావాలన్నా, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా తలుపు తీసేవాడు కాదు. ఒకసారి సీట్లోనే... అప్పుడు నవ్వాడు. ఇంటికి వెళ్ళాక తనే సీటు కడిగి, నాకు టీ పెట్టి ఇచ్చాడు."

కేశవ్ వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో వెలుగంతా పోయి, ఒక్కసారిగా పదేళ్ళు పైబడినట్టు కనిపించాడు.

"నాకు... నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"కొట్టాడా అని అడిగారు. లేదన్నాను. ఆ తర్వాత మీరు ఇంకేం అడగలేదు."

మేడ మీద సంగీతం ఆగి ఇంకో పాట మొదలైంది. కేశవ్ కుర్చీలో కూలబడ్డాడు. "నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. దేశమంతటికీ. నా నోటితో నేనే." అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "పూర్వంలా సరస్సు ఒడ్డున అని చెప్పాను నీరజా."

నీరజకి అతని మీద జాలి కలిగింది. ఆ క్షణంలో అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలీలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతన్ని అలా చూడలేదు. మనిషి తెలివితక్కువ పని చేశాడు, దుర్మార్గం చెయ్యలేదు అనుకుంది. అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

"సరే, అయ్యిందేదో అయ్యింది" అంది. "కాన్‌బెర్రా నుంచి కారులో రావాలంటే రాత్రంతా పడుతుంది. ఆలోచించుకోవడానికి టైముంది. ముందు పోలీసులకి..."

బల్ల మీద కేశవ్ ఫోన్ మోగింది. ట్రిష్. కేశవ్ కదల్లేదు. నాలుగైదు సార్లు మోగాక, అతను ఎత్తేలా లేడని నీరజే రెండో చేతి వేలితో నొక్కి స్పీకర్‌లో పెట్టింది. ఈ కార్యక్రమం సంగతి ఇక్కడితో ఆపమని ఆ ప్రొడ్యూసర్‌తో తనే చెబుదామనుకుంది.

"కేష్! యూ లెజెండ్!" ట్రిష్ గొంతు గదంతా నిండింది. "ఇప్పుడే మీటింగ్ అయింది. ఇది మామూలు హిట్ కాదు. నువ్వు చెప్పినట్టే, నువ్వు కథ మొదలెట్టకముందే మీ అభిని లైన్లో పెట్టి రెడీగా ఉంచాను కదా, పాపం బ్రేక్ అంతా ఎంత ఓపిగ్గా ఉన్నాడో! లవ్లీ బ్లోక్, చాలా మంచి మనిషి. మెయిన్ నార్త్ రోడ్‌లో మోటెల్ కూడా బాగుందని థాంక్స్ చెప్పాడు. రేపు స్టూడియోకి ఆయన్నీ, ఆ అమ్మాయినీ కలిపి తీసుకురాగలవా? ఇద్దరూ ఒకే మైకు ముందు! ఆలోచించు. కాల్ మీ బ్యాక్."

ఫోన్ ఆగిపోయింది.

నీరజ చెయ్యి అతని భుజానికి చేరకుండా గాలిలోనే ఉంది. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు దానివంక చూసుకుని, కిందికి దించుకుంది.

మెయిన్ నార్త్ రోడ్ వాళ్ళ ఇంటికి అయిదు నిమిషాల దూరం కూడా ఉండదు.

"నువ్వే పిలిపించావా?" అంది.

పెళ్ళైనప్పటి నుంచీ ఆమె అతన్ని మీరు అనే పిలిచింది. కోపంలోనూ అంతే, పురిటినొప్పుల్లోనూ అంతే. ఇప్పుడు నువ్వు అన్నానని ఆమెకి తెలియను కూడా తెలియలేదు. కేశవ్‌కి తెలిసింది. చెంప మీద కొట్టినట్టు తలెత్తాడు.

"శనివారం నేనే ఫోన్ చేశాను" అన్నాడు. "ముందు షో గురించి కాదు, ఒట్టు. మంచి చేద్దామనే. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు నీరజా. మగవాడు అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ఒక్కసారి మాట్లాడే ఛాన్స్ ఇవ్వండి బ్రదర్ అన్నాడు. ఆ తర్వాత... ఈ వారం షో ఉంది కదా, నలుగురి ముందు మాట్లాడితే అతను కూడా మాట తప్పడని... ట్రిష్ కూడా మంచి ఐడియా అంది..."

"ఊహించలేదు మేట్ అన్నావు. రేడియోలో."

కేశవ్ తల దించుకున్నాడు.

"ఆ మౌనం కూడా కావాలనే చేశావా? నేను షాపులో నిలబడి దేవుణ్ణి వేడుకుంటున్నాను, పాపం మా ఆయన షాక్‌లో ఉన్నాడు అనుకుంటూ!" అంది నీరజ. "అది నటనా?"

నీరజ గోడకి ఆనుకుంది. ఈ మనిషి పక్కన పద్దెనిమిదేళ్ళు పడుకున్నాను, ఈ గొంతు ఎప్పుడు నిజం చెబుతోందో, ఎప్పుడు కాదో నాకు తెలుసనుకున్నాను అని ఆమె లోపల ఎవరో అరుస్తున్నట్టుంది.

గీతిక మాత్రం బల్ల దగ్గరనుంచి లేవలేదు. ఆమె చూపు కేశవ్ మీదే ఉంది.

"బావగారూ, ఒక్కటి చెప్పండి. ఇంటి అడ్రస్ ఇచ్చారా?"

కేశవ్ గోడ గడియారం వంక చూశాడు. కిటికీ బయట చలికాలపు సాయంత్రం అప్పుడే మసకబారుతోంది.

"చెప్పండి."

"ఇవాళ భోజనానికి రమ్మన్నాను" అన్నాడు వినపడీ వినపడకుండా. "మీ ఇద్దరికీ సర్‌ప్రైజ్‌గా ఉంటుందని. బయటినుంచి బిర్యానీ తెప్పిద్దామనుకున్నా. ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను. ఇప్పుడే చెప్పేస్తాను."

అభినవ్ నంబరు నొక్కాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి ఫోన్ స్విచాఫ్ అని వచ్చింది.

గీతిక లేచింది. పారిపోవడానికి లేచిందనుకుని నీరజ వెనకతలుపు వైపు నడిచింది. గీతిక అటు వెళ్ళలేదు. అలమర తెరిచి కంచాలు తీసింది. కేశవ్‌కి, నీరజకి, స్నేహకి, తనకి పెట్టి, ఇంకొకటి తీసి బల్ల చివర పెట్టింది.

"అక్కా, ట్రిపుల్ జీరోకి చెయ్యి" అంది. "నన్ను దాచొద్దు. వాళ్ళు వచ్చేదాకా అతన్ని ఈ కుర్చీలో కూర్చోబెడతాను. బావగారూ, మీ ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి ఆ పళ్ళ గిన్నె వెనక పెట్టండి. మాట్లాడుకుందాం అన్నాడుగా. సరస్సు దగ్గర ఎలా మాట్లాడతాడో అతని నోటితోనే చెప్పిస్తాను."

"గీతూ, నీకు మతిపోయిందా?"

"ఇన్నాళ్ళూ పోయింది. పోలీసులకి చెయ్యక్కా."

నీరజ ఫోన్ అందుకుంది. మొదటి సున్నా నొక్కింది, రెండోది నొక్కింది.

వీధి తలుపు దగ్గర కాలింగ్ బెల్ మోగింది. ఒకసారి, మర్యాదగా.

ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. మేడ మీద పాట ఆగింది. గది తలుపు తెరుచుకుంది. మెట్ల మీద స్నేహ అడుగులు టకటకమని దిగుతూ వీధి తలుపు వైపు పరిగెత్తాయి.

"మమ్, ఐ విల్ గెట్ ఇట్!"